ఏ హోల్‌కు ఏ డిస్క్? లెక్క బాస్కెట్ దగ్గర మొదలు

క్లుప్తంగా: టీ అనే చోట నిలబడి డిస్క్ విసిరి, వీలైనన్ని తక్కువ విసుర్లలో గొలుసుల బాస్కెట్‌లో వేసే ఆట డిస్క్ గోల్ఫ్. ఒక టీ నుంచి దాని బాస్కెట్ దాకా ఉన్న దారి ఒక హోల్. ఈ ఆటకు కొత్తగా వచ్చినవాళ్లు ముందు సంచిలోంచి డిస్క్ తీస్తారు, ఆ తర్వాత హోల్ వంక చూస్తారు. ఆట పాతబడ్డవాళ్ల వరుస దీనికి తలకిందులు. డిస్క్ ఎక్కడ ఆగాలి, అక్కడికి ఏ వంపులో చేరాలి, ఆ వంపు ఏ విసురుతో వస్తుంది అన్న మూడూ తేలాకే డిస్క్ మీద చెయ్యి పడుతుంది. డిస్క్ మీది అంకెలు ఒక వేగాన్ని లెక్కలో పెట్టుకుని వేసినవి. చేతికి ఆ వేగం లేకపోతే పెద్ద అంకె డిస్క్ తక్కువ దూరమే పోతుంది. హైదరాబాద్ మొరం నేల, బండలు, మే ఎండ, జూన్ గాలి కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

ఫ్రిజ్బీకీ దీనికీ తేడా ఎక్కడ వచ్చింది

హైదరాబాద్‌లో అల్టిమేట్ ఫ్రిజ్బీ ఆడే బృందాలున్నాయి. వాళ్లు వాడే డిస్క్ బరువు 175 గ్రాములు, అడ్డంగా కొలిస్తే 27 సెంటీమీటర్లు. గోల్ఫ్ డిస్క్ కూడా దాదాపు అంతే బరువు తూగవచ్చు గానీ వెడల్పు 21 సెంటీమీటర్ల చిల్లరే. అంచు పలచగా, వాలుగా ఉంటుంది. అల్టిమేట్ డిస్క్‌ను ఎదుటివాడు పట్టుకోవాలి కాబట్టి అది నింపాదిగా తేలుతూ వస్తుంది. గోల్ఫ్ డిస్క్‌ను పట్టుకునేవాళ్లు ఉండరు, గొలుసుల బాస్కెట్ తప్ప. అందుకే దాన్ని గాలిని కోసుకుపోయేలా చేశారు.

మొదట్లో ఈ తేడా లేదు. ఎడ్ హెడ్రిక్ చొరవతో 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు ఏర్పడింది. 1976లో ఆట సంఘం పీడీజీఏ పుట్టింది, 1977లో గొలుసుల బాస్కెట్‌కు హెడ్రిక్ పేటెంట్ వచ్చింది. అప్పటికి అందరూ విసిరింది మామూలు ఫ్రిజ్బీలే కాబట్టి ‘ఏ డిస్క్’ అన్న ప్రశ్నకు పెద్దగా చోటే లేదు. 1983లో ఇన్నోవా కంపెనీ వాలు అంచుతో ‘ఈగల్’ తెచ్చింది. దూరం ఒక్కసారిగా పెరిగింది. దాంతోపాటు తలనొప్పీ పెరిగింది, ఎందుకంటే అంచు ఎంత పదునెక్కితే డిస్క్ అంత చేతిమాట వినదు.

ఇప్పుడు నిబంధనల ప్రకారం వెడల్పులో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాముల బరువు వరకే అనుమతి. 21.2 సెంటీమీటర్ల డిస్క్ 176 గ్రాములు దాటకూడదన్నమాట. అంచు వెడల్పు, అంటే బయటి కొస నుంచి లోపలి గోడ దాకా, 2.6 సెంటీమీటర్లకు మించకూడదు. ఈ అంచు వెడల్పే డిస్కుల తరగతులను విడదీస్తుంది. అన్నిటికంటే నెమ్మదైన పటర్‌కు అది ఒక సెంటీమీటరు దరిదాపుల్లో ఉంటుంది, దూరం కోసం విసిరే పెద్ద డ్రైవర్‌కు రెండు దాటుతుంది. మధ్యలో మిడ్‌రేంజ్, ఫెయిర్‌వే డ్రైవర్ ఉంటాయి.

నాలుగు అంకెలు, చెప్పని షరతు

చాలా డిస్కుల మీద నాలుగు అంకెలు కనిపిస్తాయి: స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. ఇన్నోవా వారి ‘డిస్ట్రాయర్’ మీద 12, 5, -1, 3 అని, ‘ఏవియార్’ పటర్ మీద 2, 3, 0, 1 అని ఉంటాయి. మొదటిది డిస్క్‌కు కావలసిన వేగం. రెండోది గాలిలో ఎంతసేపు తేలుతుందో చెబుతుంది. కుడిచేతివాడు బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా లాగి) విసిరితే మొదటి సగంలో డిస్క్ కుడికి ఎంత ఒరుగుతుందో మూడోది, చివర్లో ఎడమకు ఎంత దిగుతుందో నాలుగోది. ఎడమచేతివాడికి, లేదా కుడిచేతి ఫోర్‌హ్యాండ్‌కు (కుడి పక్క నుంచే విసిరేదానికి), ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

డిస్క్ ముందు ఒక వైపు, చివర్లో ఇంకో వైపు ఎందుకు వంగుతుందో బొంగరం ఆడినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. జోరుగా తిరిగే బొంగరాన్ని వేలితో నెడితే నెట్టిన వైపు పడిపోదు, దానికి అడ్డంగా సోలుతుంది. డిస్క్‌దీ అదే గుణం. వేగంగా పోతున్నప్పుడు దాన్ని ఎత్తి పట్టే గాలి బలం నడిమధ్యకు కాస్త వెనకగా పనిచేస్తుంది, ముక్కును కిందికి వంచాలని చూస్తుంది. డిస్క్ తిరుగుతోంది కాబట్టి ముక్కు వంగదు, డిస్క్ మొత్తం కుడికి ఒరుగుతుంది. వేగం చచ్చి కిందికి జారడం మొదలయ్యాక ఆ బలం మధ్యకు ముందువైపుకి జరుగుతుంది. ముక్కు లేవాలని చూస్తుంది, ఈసారి ఒరిగేది ఎడమకు. టర్న్, ఫేడ్ అనే రెండు మాటల వెనక ఉన్నది ఇంతే. ఒరగడానికి తేలిగ్గా లొంగేది అండర్‌స్టేబుల్ డిస్క్, మొండికేసి ఎడమకే దిగేది ఓవర్‌స్టేబుల్.

అసలు గందరగోళం ఇక్కడ మొదలవుతుంది. స్పీడ్ 12 అంటే ‘ఇది దూరం పోతుంది’ అని కొత్తవాళ్లు చదువుకుంటారు. ఆ అంకె చెప్పేది వేరు: ‘నన్ను ఇంత వేగంతో విసిరితేనే మిగతా మూడు అంకెలూ నిజమవుతాయి’ అని. ఆటగాళ్ల మధ్య తిరిగే మోటు లెక్క ప్రకారం ఆ తరగతి డ్రైవర్ చేయి వదిలేటప్పుడు గంటకు 95-100 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. 65-70 దగ్గర ఉన్న చేతిలో అదే డిస్క్‌కు టర్న్ దశ దాదాపు రాదు. విసిరిన కాసేపటికే ఫేడ్ మొదలై, ఎడమకు జారి నేలను పట్టుకుంటుంది. అదే చేతితో స్పీడ్ 6 లేదా 7 ఉన్న ఫెయిర్‌వే డ్రైవర్ తిన్నగా ఎగిరి అంతకంటే ముందుకు పోతుంది. ‘లెపర్డ్’ లాంటి డిస్క్ (6, 5, -2, 1) కొత్తవాళ్లకు చెప్పేది ఇందుకే.

టీ మీద నిలబడి వెనక్కి నడవడం

హోల్‌ను చదివే క్రమం బాస్కెట్ దగ్గర మొదలవ్వాలి. రెండో విసురు ఎక్కడి నుంచి అయితే ధీమాగా పడుతుంది? బాస్కెట్‌కు ఏ పక్క నేల బాగుంది, ఏ పక్క ఓబీ, అంటే హద్దు అవతలి జాగా? ఓబీలో పడితే ఒక పెనాల్టీ త్రో కలుస్తుంది కాబట్టి ఆ పక్కను ముందే కొట్టేయాలి. మిగిలిన జాగా గమ్యం. ఆ గమ్యంలోకి డిస్క్ ఎడమకు వంగుతూ రావాలా, కుడికా, తిన్నగానా? జారుతూ రావాలా, పైనుంచి దిగాలా? ఇవి తేలితే చెయ్యి, కోణం వాటంతట అవే తేలతాయి.

అంతరాల లెక్క కూడా టీ దగ్గరే వేసుకోవచ్చు. విసురు ఒక్క డిగ్రీ పక్కకు పోతే 30 మీటర్ల దగ్గర డిస్క్ అర మీటరు తప్పుతుంది, 80 మీటర్ల దగ్గర దాదాపు మీటరున్నర. అందుకే రెండు చెట్ల మధ్య సందు టీకి దగ్గర్లో ఉంటే చూడ్డానికి ఇరుకుగా ఉన్నా దాటవచ్చు. అదే వెడల్పు సందు దూరంగా ఉంటే కష్టం. కళ్లు మాత్రం దీనికి ఎదురు చెబుతాయి, దగ్గరి చెట్టే భయపెడుతుంది.

బండ పక్క హోల్, దగ్గరగా

హైదరాబాద్ శివార్లలో మామూలుగా కనిపించే జాగాను ఒక హోల్‌గా ఊహించుకుంటే ఈ లెక్క ఎలా నడుస్తుందో తెలుస్తుంది. టీ నుంచి బాస్కెట్‌కు 80 మీటర్లు. 35 మీటర్ల దగ్గర ఎడమ నుంచి దారి మధ్య దాకా చొచ్చుకొచ్చిన నల్లరాతి బండ, ఒక డాబా ఇంటి ఎత్తు. దానికి కుడి పక్క నాలుగు మీటర్ల సందు, ఆ తర్వాత సుబాబుల్ చెట్ల వరుస. బాస్కెట్ బండ వెనక, ఎడమ చేతి వైపు. బాస్కెట్‌కు ఎడమన పది మీటర్లలో ప్రహరీ గోడ, అదే ఓబీ. నేల మొరం.

గోడ ఎడమన ఉంది కాబట్టి ఆగాల్సిన చోటు బాస్కెట్‌కు కుడి పక్క. దారి వంగేది ఎడమకు కాబట్టి కుడిచేతివాడికి బ్యాక్‌హ్యాండ్ సహజం. ఫోర్‌హ్యాండ్ చివర్లో కుడికి పోతుంది, అంటే బండ దాటాక బాస్కెట్ నుంచి దూరంగా జరుగుతుంది. బండ మీదుగా ఎత్తి వేయడం వీడియోలో బాగుంటుంది. అంత ఎత్తుకు లేపి 80 మీటర్లు చేర్చే చెయ్యి ఉన్నవాళ్లకు మాత్రమే అది దారి.

ఇక మిగిలింది సందులోంచి పోయి ఎడమకు తిరగడం. ఇక్కడ రెండు దారులున్నాయి, తేడా అంతా ఒక్క ప్రశ్నలో ఉంది: వంపును డిస్క్ చేత చేయించాలా, చేత్తో ఇవ్వాలా?

డిస్క్ చేత చేయించాలంటే ‘ఫైర్‌బర్డ్’ (9, 3, 0, 4) లాంటి ఓవర్‌స్టేబుల్ డ్రైవర్‌ను సమతలంగా విసరాలి. సందు దాకా తిన్నగా పోయి, తర్వాత గట్టిగా ఎడమకు కొడుతుంది. సందు దాటేటప్పుడు తిన్నగా ఉండటం దీని లాభం. నష్టం నేలను తాకాక బయటపడుతుంది. ఎడమకు వాలిన పదును అంచు ఎండిన మొరాన్ని తాకితే డిస్క్ ఆగదు, చెరువు మీద పెంకులా ఎగిరి ఇంకా ఎడమకు జారుతుంది. వేసవిలో ఆ జారుడు గోడ దాకా తీసుకుపోగలదు. కాబట్టి డిస్క్‌ను మార్చకపోయినా పడాల్సిన చోటును కుడికి, వెనక్కి జరపాలి. ఆగస్టులో నాలుగు వానలు పడి నేల మెత్తబడ్డాక అదే డిస్క్ పడ్డచోటే అతుక్కుంటుంది, గురి మళ్లీ ఎడమకు రావాలి. ఒకే హోల్, ఒకే డిస్క్, రెండు కాలాల్లో రెండు గురులు.

చేత్తో ఇవ్వాలంటే తిన్నగా పోయే మిడ్‌రేంజ్ చాలు, ‘బజ్’ (5, 4, -1, 1) లాంటిది. వదిలేటప్పుడే బయటి అంచును కిందికి వంచి విసరాలి, దీన్నే హైజర్ అంటారు. డిస్క్ మొదటి నుంచీ ఒకే తీరుగా ఎడమకు తిరుగుతూ పోతుంది, మెల్లగా దిగుతుంది, తక్కువ జారుతుంది. చిక్కు ఏమిటంటే సందు దగ్గర అప్పటికే తిరుగుతూ ఉంటుంది. 35 మీటర్ల దగ్గర నాలుగు మీటర్ల సందుకు మధ్య నుంచి అటూ ఇటూ మూడు డిగ్రీల పైచిలుకు వెసులుబాటు ఉంది. వంగుతూ పోయే డిస్క్‌కు అందులో కొంత హరించుకుపోతుంది. అయినా చేతి వేగం తక్కువ ఉన్నవాళ్లకు ఈ రెండో దారే నయం, ఎందుకంటే ఫైర్‌బర్డ్ వాళ్ల చేతిలో సందు చేరకముందే ఎడమకు తిరిగి బండను గుద్దుతుంది.

మూడో దారి ఎవరికీ నచ్చనిది: పటర్‌తో సందు అవతలికి 40 మీటర్లు వేసి, అక్కడి నుంచి బాస్కెట్ దగ్గరకు చేర్చి, మూడోది గొలుసుల్లో వేయడం. దీని విలువ కూడికలో తెలుస్తుంది. నేరుగా వెళ్లే విసురు కుదిరితే స్కోరు 2, బండకో చెట్టుకో తగిలితే 4 అనుకుంటే, పదిసార్లలో మూడుసార్లు కుదిరేవాడి సగటు 3.4. నెమ్మదిగా వెళ్లేవాడిది 3. పదికి ఐదు కుదిరినప్పుడే రెండూ సమానం. తన లెక్క పదికి ఐదు కంటే మెరుగని అనుకోనివాళ్లు టీ మీద అరుదు.

కుడి మలుపు, చింతకొమ్మలు, చెరువు

కుడికి తిరిగే హోల్‌లో కుడిచేతివాడికి ఫోర్‌హ్యాండ్ అక్కరకొస్తుంది. దీనికి కొత్తగా నేర్పాల్సింది తక్కువ, చెరువు నీళ్ల మీద పెంకుముక్క ఎగరేసిన చెయ్యి అదే పని చేస్తుంది. ముంజేతి కంటే మణికట్టుదే పని ఎక్కువ. మలుపు పదునుగా, చివర్లో ఉంటే ఫోర్‌హ్యాండ్ సరిపోతుంది. మలుపు దారి పొడవునా మెల్లగా ఉంటే అండర్‌స్టేబుల్ డిస్క్‌ను బ్యాక్‌హ్యాండ్‌తో విసిరి కుడికి ఒరగనివ్వడం మేలు. అది వంపును చాలాసేపు పట్టి ఉంచుతుంది, మెత్తగా దిగుతుంది.

చింతచెట్టు కొమ్మలు తల ఎత్తు దాకా దిగి దారిని మూసేస్తే అందరూ రోలర్ వైపు చూస్తారు, అంటే డిస్క్‌ను అంచు మీద చక్రంలా దొర్లించడం. చదునైన గడ్డి మీద అది అద్భుతం. కంకర, వేళ్లు, రాళ్లు ఉన్న నేల మీద మొదటి గులకరాయే దాని దారిని తేలుస్తుంది. ఇక్కడి జాగాల్లో పటర్‌ను నడుము ఎత్తులో తిన్నగా నెట్టడమే ఎక్కువసార్లు పని చేస్తుంది.

బాస్కెట్ వెనక నీళ్లుంటే దాటిపోవడమే అన్నిటికంటే పెద్ద తప్పు. గోల్ఫ్ డిస్కుల్లో చాలా మటుకు మునిగిపోతాయి. అలాంటి చోట ‘దూరం చేరగల డిస్కుల్లో అన్నిటికంటే నెమ్మదైనది’ అన్న సూత్రం నూటికి తొంభైసార్లు సరిపోతుంది. పెద్ద డిస్క్‌ను సగం బలంతో వేయడం కంటే చిన్నదాన్ని నిండు విసురుతో వేయడంలో దూరం అదుపు ఎక్కువ. టీ ఎత్తులో ఉండి బాస్కెట్ పల్లంలో ఉంటే డిస్క్ గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, ఫేడ్‌కు ఎక్కువ సమయం దొరుకుతుంది, లెక్క కంటే ఎడమకు దిగుతుంది. ఎగువకు వేస్తే దూరం తగ్గుతుంది, ఒక తరగతి పై డిస్క్ కావాలి.

పటర్ అంటే పది మీటర్ల లోపు వాడేది అన్న అపోహ కూడా ఇక్కడే వదిలించుకోవాలి. 2021 ప్రపంచ చాంపియన్‌షిప్ అమెరికాలోని ఉటా రాష్ట్రంలో, ఆగ్డెన్‌లో జరిగింది. చివరి హోల్‌లో జేమ్స్ కాన్రాడ్ పాల్ మెక్‌బెత్‌తో సమం కావాలంటే దాదాపు 75 మీటర్ల నుంచి నేరుగా బాస్కెట్‌లో వేయాలి. సంచిలో డ్రైవర్లున్నా ఆయన తీసింది ‘ఎన్వీ’ అనే పటర్. అది గొలుసుల్లో పడింది, తర్వాత ప్లేఆఫ్‌లో టైటిల్ ఆయనదైంది. అంత దూరం నుంచి పడటంలో అదృష్టం పాలు ఉంది. డిస్క్ ఎంపికలో మాత్రం అదృష్టమేమీ లేదు.

మే ఎండ, జూన్ గాలి

ఎదురుగాలిలో డిస్క్‌కు తెలిసేది నేల మీద వేగం కాదు, గాలిలో వేగం. గంటకు 70 కిలోమీటర్లతో వదిలిన డిస్క్ 20 కిలోమీటర్ల ఎదురుగాలిలోకి వెళితే 90తో పోతున్నట్టే ప్రవర్తిస్తుంది, కుడికి ఎక్కువ ఒరుగుతుంది. కాబట్టి ఎదురుగాలికి ఇంకా మొండి డిస్క్, తక్కువ ఎత్తు. వెనకగాలిలో అదే 70 కాస్తా 50 అవుతుంది, తేలే బలం తగ్గి త్వరగా ఎడమకు దిగుతుంది, అప్పుడు అండర్‌స్టేబుల్ డిస్క్, కాస్త ఎత్తు. పక్కగాలి సంగతి డిస్క్ ఏ ముఖం చూపిస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. కుడిచేతి హైజర్‌లో డిస్క్ అడుగుభాగం కుడికి తెరుచుకుని ఉంటుంది. కుడి నుంచి వచ్చే గాలి దాన్ని ఎత్తి ఎడమకు మోసుకుపోతుంది, ఎడమ నుంచి వచ్చేది పైనుంచి నొక్కి దించేస్తుంది. నైరుతి రుతుపవనాలు మొదలైన జూన్, జూలైలలో ఇక్కడి గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచి వీస్తుంది. ఒకే మైదానంలో పడమటికి చూసే హోల్‌కు, తూర్పుకు చూసే హోల్‌కు రెండు వేర్వేరు డిస్కులు కావాలి.

ఎండ ప్రభావం చిన్నదే అయినా ఉంది. నగరం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, గాలి అసలే కాస్త పలచన. 15 డిగ్రీల డిసెంబరు ఉదయంతో పోలిస్తే 40 డిగ్రీల మే మధ్యాహ్నం గాలి సాంద్రత ఇంకో 8 శాతం తగ్గుతుంది. పలచని గాలిలో డిస్క్ తక్కువ తేలుతుంది, తక్కువ ఒరుగుతుంది, కొంచెం మొండిగా మారుతుంది. డిసెంబరులో తిన్నగా పోయిన మిడ్‌రేంజ్ మేలో కాస్త ముందే ఎడమకు వాలితే తప్పు చేతిది కాకపోవచ్చు. అదే ఎండలో ఆపిన కారు డిక్కీలో డిస్కులు వదిలేస్తే మెత్తని ప్లాస్టిక్‌వి వంగిపోతాయి, ఆ తర్వాత వాటి మీది అంకెలకు అర్థం ఉండదు.

సంచిలో ఎన్ని

గోల్ఫ్‌లో 14 క్లబ్బులకు మించి తీసుకెళ్లకూడదు. డిస్క్ గోల్ఫ్‌లో అలాంటి పరిమితి లేదు, ఇరవై డిస్కుల సంచులు అందుకే కనిపిస్తాయి. మొదటి ఏడాదికి మూడు చాలు: ఒక పటర్, తిన్నగా పోయే ఒక మిడ్‌రేంజ్, కాస్త అండర్‌స్టేబుల్ అయిన ఒక ఫెయిర్‌వే డ్రైవర్. నాలుగోది కొనాలంటే ఎదురుగాలి కోసం ఒక ఓవర్‌స్టేబుల్. ఒకే మిడ్‌రేంజ్‌ను హైజర్, సమతలం, దానికి ఎదురు కోణమైన యాన్‌హైజర్‌లో విసరడం వస్తే సంచిలో మూడు డిస్కులు చేరినట్టే.

క్రికెట్ ఆడేవాళ్లూ నడిచేవాళ్లూ ఉన్న మైదానంలో ఈ ఎంపిక మరీ తేలిక. పదును అంచు డ్రైవర్ తగిలితే గాయమవుతుంది కాబట్టి అక్కడ పటర్ తప్ప ఇంకోటి బయటికి తీయకూడదు.

రంగు గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. ఎండిన గడ్డిలో పసుపు, నారింజ డిస్కులు కలిసిపోతాయి, గులాబీ రంగు రెండు కాలాల్లోనూ కనబడుతుంది. ఇక బండలకు తగిలి తగిలి అంచు అరిగిన డిస్క్ మెల్లగా తన మొండితనం పోగొట్టుకుంటుంది. ఏడాది కిందట ఎడమకు దిగిన మిడ్‌రేంజ్ ఇప్పుడు తిన్నగా, ఇంకొన్నాళ్లకు కుడికి పోతుంది. దాన్ని పారేయకుండా కుడి మలుపు హోల్‌కు దాచుకుంటారు, తిన్నగా పోయే పనికి అదే అచ్చులో కొత్తది కొంటారు.